ఉగ్గుగిన్నెలో చేదు

కొండమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆవిడ గొంతు గురించి చెప్పాలి. మా పాలేనికీ అద్దంకి రోడ్డుకీ మధ్య ఉన్నవన్నీ మిరప చేలూ, పత్తి చేలూ. తెల్లవారగానే ఆవిడ ఇంటి ముందు నిలబడి "ఏమేవ్, లేచారా, ఇంకా దొర్లుతున్నారా?" అని ఒక్క కేక వేస్తే, కూలి ముఠాలో ఆడవాళ్ళంతా అన్నం గిన్నెలు గుడ్డలో కట్టుకుని బయటికొచ్చేవాళ్ళు. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తమనేమోననుకుని ఉలిక్కిపడేవాళ్ళని మా నాన్న అనేవారు. మా నాన్న ఇమ్మానియేలు ఆ పాలెం చర్చికి పాస్టరు. ప్రసంగం చేసేటప్పుడు ఆయన గొంతు మూడో వరుస చాప దాటేది కాదు. కొండమ్మ గొంతంటే ఆయనకు గౌరవం ఎంతో, అసూయ కూడా అంతే ఉండేదని నా అనుమానం.

ఎనభైల నడిమి సంవత్సరాలవి. నేను ఆ పాలెం బడిలోనే టీచర్ని. బడి పక్కనే కొండమ్మ ఇల్లు కావడం వల్ల, నేను పిల్లలకు ఎక్కాలు చెప్పినంతసేపూ ఆవిడ ఎవరికో ఒకరికి బుద్ధి చెబుతుండడం వినిపించేది. మిరపకోత ముఠాకు ఆవిడ మేస్త్రి. ఏ రైతు చేలో కోత ఏ రోజు, ఎవరు ఏ సాలు పట్టాలి, తాలుకాయలు ఏరడానికి ఎవరు కూర్చోవాలి, అన్నీ ఆవిడ నోటిమీదే జరిగేవి. భర్త అంకయ్య పాము కరిచి పోయేనాటికి కొడుకు యేసుపాదం ఇంకా పాకుతున్నాడు. ఆ పిల్లాణ్ణి చేను గట్టున గుడ్డ ఉయ్యాల్లో పడుకోబెట్టి కోతకు పోయింది. ఒకరోజు ఆదరాబాదరాగా చెయ్యి కడుక్కోకుండా వాడి కళ్ళు తుడిచింది. వాడు సాయంత్రం దాకా గుక్కపట్టి ఏడ్చాడు. మా పాలెంలో మిరపకోత రోజుల్లో తల్లులు పిల్లల్ని అరచేతులతో ఎత్తుకోరు. మజ్జిగతో కడిగి ఆముదం రాసుకున్నా సరే, వేళ్ళు దూరంగా పెట్టి ముంజేతులతో ఎత్తుకుంటారు. ఆ పద్ధతి కొత్త కోడళ్ళకు తిట్టి మరీ నేర్పేది కొండమ్మే.

ఆవిడ ముఠాలో కోటిరత్నం అని ఒకావిడ ఉండేది. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది. ఊరంతా ఆవిణ్ణి "ఒంటికన్నుది" అనే పిలిచేవాళ్ళు. కూలి డబ్బులిచ్చేటప్పుడూ అదే పేరు, పెళ్ళి పిలుపులోనూ అదే పేరు. కోటిరత్నం అని నిండుగా పిలిచేది కొండమ్మ ఒక్కతే. "కన్ను పోతే పేరు కూడా పోద్దంటే ఎట్టా?" అని ఒకసారి నాతో అంది. ఆ మాట నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు, తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

యేసుపాదం పెద్దవాడయ్యాక చీమకుర్తి గ్రానైటు క్వారీలో పనికి కుదిరాడు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర పెరిగిన రెబ్కాతో పెళ్ళయింది. రెబ్కా నెమ్మదస్తురాలు. అత్త కేక వేస్తే కోడలు గుసగుసగా జవాబు చెప్పేది. రెండు గొంతులూ కలిపితే ఒక మామూలు సంసారానికి సరిపోయేవి. వానలు తగ్గాక వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. మా నాన్న జయకుమారి అని పేరు పెట్టారు. కుమారీ అని పిలిచేవాళ్ళు.

పుట్టినప్పుడు పిల్ల ఒంటి మీద ఏమీ లేదు. నెల నిండేలోపు ఎడమ కంటి పైరెప్ప మీద దోమ కుట్టినంత ఎర్రచుక్క కనిపించింది. ఆ చుక్క పెరగడం మొదలుపెట్టింది. క్రిస్మస్ నాటికి రేగుపండంత అయి, రెప్ప బరువెక్కి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పిల్ల ఏడిస్తే అది ముదురు ఎరుపుగా ఉబ్బేది. చూసినవాళ్ళు "అయ్యో" అనేవాళ్ళు, అని ఊరుకోకుండా కారణాలు కూడా చెప్పేవాళ్ళు. గ్రహణం నాడు కడుపుతో ఉన్న రెబ్కా పండుమిరపకాయ పట్టుకున్న చేత్తో కన్ను రుద్దుకుందట, అందుకే పిల్ల కంటి మీద మిరపపండు మొలిచిందట. ఈ కథ బావి దగ్గర పుట్టి సాయంత్రానికి కొండమ్మ చెవిన పడింది.

"గెహణం నాడు మా రెబ్కా గురకపెట్టి నిద్దరపోయింది. ఆ గురక నేనిన్నా. మీరెవురన్నా ఇన్నారా?" అని ఆవిడ బావి దగ్గర నిలబడి అడిగింది. ఎవరూ వినలేదు. ఆ కథ అంతటితో ఆగిపోయింది గానీ పిల్లకు పేరు మాత్రం పడిపోయింది. వీధిలో పిల్లలు "మిరపకన్ను పిల్ల" అనడం నేనే బడిలో విన్నాను. అన్నవాడిచేత గోడకుర్చీ వేయించాను.

అద్దంకి బజారులో ఒక డాక్టరుకు చూపించారు. రక్తనాళాలు గుంపుగా పెరిగి వచ్చే మచ్చ ఇదనీ, చాలామంది పిల్లల్లో బడి వయసు వచ్చేసరికి దానంతటదే పోతుందనీ, భయపడొద్దనీ ఆయన చెప్పాడు. రెబ్కా ఊపిరి పీల్చుకుంది. కొండమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"మచ్చ పోయేదాకా కన్ను మూసే ఉంటదా అండీ?"

ఆయన పిల్ల రెప్పను మళ్ళీ ఎత్తి చూశాడు. తప్పించుకునే మనిషి కాదు. "అది నేను చెప్పలేనమ్మా, గుంటూరు తీసుకెళ్ళండి" అన్నాడు.

కొండమ్మ గుంటూరుకు నన్ను కూడా రమ్మంది. పెద్ద పెద్ద మాటలు తనకు అర్థం కాకపోతే విడమరచడానికట. కానీ అక్కడి కళ్ళ డాక్టరమ్మగారు ఎవరూ విడమరచాల్సిన అవసరమే లేకుండా చెప్పింది. పొట్టి మనిషి, తల నెరిసింది, మాటలో తొందర లేదు. పిల్ల కుడికన్ను మూసి చూసింది. పిల్ల గిలగిల్లాడి ఏడ్చింది. చెయ్యి తీయగానే ఊరుకుంది.

"ఈ మచ్చ వేరే చోట ఉంటే నేనూ ఇంటికి పొమ్మనేదాన్ని. కంటిని మూసేసింది కాబట్టి ఊరుకోకూడదు. చూడటం పిల్లలు పుట్టాక నేర్చుకుంటారమ్మా. నేర్చుకునే వయసులో కన్ను మూసి ఉంటే మెదడు దాన్ని వదిలేస్తుంది. తర్వాత ఎప్పుడో మచ్చ కరిగి కన్ను తెరుచుకున్నా, అందంగానే ఉంటుంది, చూపు మాత్రం ఉండదు."

రెబ్కా ఏడ్చింది. కొండమ్మ అడిగింది, "ఇప్పుడేం చెయ్యాలి?"

మందు ఉందంది డాక్టరమ్మ. ప్రెడ్నిసొలోన్ అనే మాత్ర. ఆ రోజుల్లో అలాంటి మచ్చకు ఇచ్చే మందు అదే. రోజూ పొద్దున పాలు తాగాక పొడిచేసి ఇవ్వాలి. మచ్చ పెరగడం ఆగి మెత్తబడుతుంది. అయితే మందు మంచిదే కానీ మెతకది కాదు. పిల్ల మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, చిరాకు పడుతుంది. ఆటలమ్మ, తట్టు వచ్చిన పిల్లల దగ్గరికి పోనివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తమంతట తాము ఆపకూడదు. తగ్గించాల్సినప్పుడు కొంచెం కొంచెంగా తనే తగ్గిస్తుంది.

"ఎవురేమన్నా ఆపకూడదు. అంతేగా?" అంది కొండమ్మ.

"అంతే."

తిరుగు బస్సులో కొండమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. ఏళ్ళ తరబడి మిరప కోసీ కోసీ ఆ చేతులు ఇటుకరాయి రంగుకొచ్చాయి. ఉన్నట్టుండి "ఈ యేడు నేను కోతకి పోను" అంది. తనకు అది మామూలు గొంతే గానీ, కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

సంక్రాంతి దాటితే కోతలు. మేస్త్రి రాకపోతే ఎలాగని పేరయ్య గారు స్వయంగా పాలెంలోకి వచ్చాడు. ఊళ్ళో ఎక్కువ మిరప వేసే రైతు ఆయన. వాకిట్లో నిలబడి, "ముఠాని నువ్వు తోలకపోతే నా కాయ చెట్టుమీదే ఎండుద్ది కొండమ్మా" అన్నాడు.

"ముఠా వత్తదండీ. కోటిరత్నం తోలుకొత్తది. నేను మట్టుకు రాను. ఈ పిల్ల కంటికాడ నా చెయ్యి తగలాల. మిరప చేతుల్తో ఎట్టా తగిలిచ్చేది?"

"ఒక ఆడపిల్ల కంటికోసం కోతంతా మానుకుంటావా?"

"ఆడపిల్లకి రెండు కళ్ళూ అక్కర్లేదాండీ పేరయ్యగారూ? మగోడికంటే ఎక్కువ పని చేసేది మేమేగా, ఒక కంటితో చెయ్యాలా ఏంది?"

పేరయ్య నవ్వలేక, కోప్పడలేక వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున ముఠాను లేపే కేక కోటిరత్నం వేసింది. సన్నటి కేక. "అట్టా కాదే, కడుపులోంచి రావాల!" అని కొండమ్మ అరుగు మీద నుంచి అరిచింది. ఆ అరుపుకే అందరూ లేచారు.

మందు వెయ్యడం ఒక పెద్ద తతంగం. కొండమ్మకు తల్లి ఇచ్చిన కంచు ఉగ్గుగిన్నె ఉంది. అందులో మాత్ర వేసి, గ్లాసు అడుగుతో నూరి, రెబ్కా పాలు కొంచెం కలిపి, గిన్నె ముక్కుతో పిల్ల నోట్లో పోసేది. అది విపరీతమైన చేదు. పిల్ల మొహం మెలికలు తిప్పి ఉమ్మబోతే, కొండమ్మ దాని మొహం మీద ఉఫ్ అని ఊదేది. పిల్ల ఉక్కిరిబిక్కిరై గుటక వేసేది. ఆ తర్వాత కొండమ్మ గిన్నె అడుగు వేలితో తీసి నాలుకకు రాసుకునేది. చేదు తగిలితే మందు మిగిలినట్టు లెక్క. మళ్ళీ నాలుగు చుక్కలు పాలు పోసి తిప్పి, అదీ పట్టేది. కోత మానేశాక ఆవిడ వేళ్ళకు మంట పోయింది. కంటి రెప్పను పత్తితో తుడిచేది, చెంపలు నిమిరేది. తన సొంత కొడుకును కూడా అలా నిమరలేదని నాతో చెప్పింది.

కొన్ని వారాలకు మచ్చ రంగు మారింది. ఎరుపు మీద బూడిద చల్లినట్టయింది. గట్టితనం తగ్గింది. ఒకనాటి పొద్దున రెప్పకింద సన్నటి గీత తెరుచుకుని, అందులోంచి నల్లగుడ్డు కనిపించింది. కొండమ్మ ఇంటింటికీ పిల్లను తిప్పి ఆ గీత చూపించింది. చెంపలు మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టే పూరీల్లా పొంగాయి. "ఆ బలం గోళీలు మా వాడికి కూడా రెండియ్యి కొండమ్మా, బక్కగా ఉన్నాడు" అని ఒకావిడ అడిగింది. "బలం కాదు, వాపు. నీ కొడుక్కి కూడెట్టు" అని పంపేసింది.

అంతా సవ్యంగా సాగుతుండగా చీమకుర్తి నుంచి కబురొచ్చింది. యేసుపాదం పాదం మీద రాయి పడింది, వేళ్ళు నలిగాయి. కొండమ్మ మాత్రలు రెబ్కా చేతికిచ్చి, ఎలా నూరాలో, ఎలా ఊదాలో మళ్ళీ చెప్పి, బస్సెక్కింది.

ఆ ఆదివారమే చర్చిలో సాక్ష్యం జరిగింది.

మా చర్చిల్లో ఎవరికైనా మేలు జరిగితే లేచి నిలబడి సంఘం ముందు చెబుతారు. పరీక్ష పాసైనా, తప్పిపోయిన గేదె దొరికినా సాక్ష్యమే. పిల్ల కన్ను తెరుచుకుంటున్నదని తెలిసి మా నాన్న సంతోషంగా, "రెబ్కా, దేవుడు చేసిన మేలు చెప్పమ్మా" అన్నారు. నలుగురిలో నోరు విప్పని పిల్ల ఆ రోజు లేచింది. గుసగుసగా మొదలుపెట్టింది. జనం స్తోత్రం అంటున్నకొద్దీ ఆ గొంతుకు బలం వచ్చింది. చివరికి ఏడుస్తూ, "ఏ మందూ చెయ్యలేంది నా ప్రభువు చేశాడు! మందూ మాకూ లేకుండా నా బిడ్డ కన్ను తెరిచాడు!" అంది. చర్చి అంతా హల్లెలూయ అని మోగిపోయింది. సాక్ష్యంలో అలాంటి మాటలు మామూలే, ఎవరూ పట్టుకోరు. పట్టుకున్నది రెబ్కా ఒక్కతే, అదీ తన మాటను తానే.

కొడుకు కాలికి కట్టు కట్టించి, పది రోజులకు కొండమ్మ తిరిగొచ్చేసరికి పిల్ల చాప మీద వాలిపోయి ఉంది. పాలు తాగితే వాంతి. పిలిస్తే కళ్ళు తిప్పడమే తప్ప నవ్వు లేదు. రెప్ప మీద మచ్చ మళ్ళీ ఎర్రబడి ఉబికింది. తెరుచుకున్న గీత మూసుకుపోయింది.

"మందు ఏత్తన్నావా?"

"ఏత్తన్నానత్తా."

కొండమ్మ వంటింట్లోకి పోయి ఉగ్గుగిన్నె తీసింది. వేలితో అడుగు రాసి నాలుకకు పెట్టుకుంది. ఉత్త పాల రుచి. చేదు లేదు.

అప్పుడు వేసిన కేక బడిలో ఉన్న నాకు వినిపించింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి రెబ్కా గోడకు ఆనుకుని కూలబడి ఉంది. సగం ఏడుపులో చెప్పింది. సంఘం అంతటి ముందు మందు లేకుండా నయమైందని చెప్పేశాను, ఇంటికొచ్చి మళ్ళీ మందేస్తే దేవుడి గుడిలో అబద్ధం చెప్పినట్టు కాదా, ఆ కోపం బిడ్డ మీద పడితే, అని భయం వేసిందట. మాట నిజం చెయ్యడానికి ఆ మర్నాటి నుంచే మాత్ర మానేసింది. తనకు తోచినంతలో బిడ్డను కాపాడుకుంటున్నాననే అనుకుంది. కొండమ్మ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు ఆగి, కిందికి దిగి పిల్లను ఎత్తుకుంది.

"లెగు. ఏడిచేది తరవాత. గుంటూరు పోవాల."

బస్సు వేళ కాదు. మిరపకాయల బస్తాలతో గుంటూరు యార్డుకు పోయే లారీ ఒకటి రోడ్డు మీద వస్తోంది. కొండమ్మ ఇంకా చేను గట్టు మీదే ఉంది. అక్కణ్ణుంచే "ఒరేయ్, ఆపరా బండీ!" అని కేక వేసింది. లారీ ఆగింది. అత్తాకోడళ్ళూ నేనూ ముగ్గురం డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాం. ఘాటుకు డ్రైవరే తుమ్ముతున్నాడు. కొండమ్మ పిల్ల మొహాన్ని తన పమిటలో దాచి, దారి పొడుగునా ఊపిరి వినడానికి చెవి ఆనించి కూర్చుంది.

డాక్టరమ్మ పిల్లను చూడగానే నర్సును కేకేసింది. సూది వేశారు, సెలైన్ పెట్టారు. పొద్దు వాలే వేళకు పిల్ల కళ్ళు తెరిచి పాలకోసం ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే డాక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. కూర్చుని తిట్టింది. తిట్టడం అయ్యాక నెమ్మదిగా చెప్పింది. ఈ మందులాంటిది ఒంట్లో సహజంగానే తయారవుతుంది. బయటినుంచి ఇస్తున్నాం కాబట్టి ఒళ్ళు తయారు చేసుకోవడం మానేసింది. మనం ఒక్కసారిగా ఆపేస్తే దానికి ఇదీ లేదు, అదీ లేదు. అందుకే మెల్లగా తగ్గించాలి.

"కాలవ నీళ్ళొత్తన్నాయని బావి పూడ్చుకున్నట్టు" అంది కొండమ్మ.

"సరిగ్గా అంతే. ఎవరు ఆపమన్నారు?"

"ఎవురూ అనలేదండీ" అంది రెబ్కా నేలచూపులు చూస్తూ. "నేనే."

పిల్ల బతికింది. కానీ కన్ను మళ్ళీ మూతపడింది, పోయిన రోజులు పోయినట్టే. చూపు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనంది డాక్టరమ్మ.

ఊరికి తిరిగొచ్చిన సాయంత్రం కొండమ్మ మా ఇంటికి వచ్చింది. మా నాన్న అప్పటికే విషయం తెలిసి కుంగిపోయి ఉన్నారు. తను అడగబట్టే కదా ఆ పిల్ల లేచిందని ఆయన బాధ. కొండమ్మ ఓదార్చడానికి రాలేదు.

"అయ్యగారూ, రేపాదివారం నేను సాచ్చెం చెప్పాల."

ఇన్నేళ్ళలో ఆవిడ చర్చిలో సాక్ష్యం చెప్పింది లేదు. చేలో ఉన్న నోరు దేవుడి దగ్గరికి రాదని తానే నవ్వేది. ఆదివారం నాడు పిల్లనెత్తుకుని, కోడలి చెయ్యి పట్టుకుని ముందుకొచ్చి నిలబడింది. కొంగున ఉగ్గుగిన్నె ఉంది.

"మా రెబ్కా మొన్న చెప్పింది అబద్ధం కాదు" అని మొదలుపెట్టింది. ఆ గొంతుకు చర్చి చిన్నదైపోయింది. "సగం చెప్పింది. పిల్ల కన్ను తెరిచిందన్న సంబరంలో, మీరంతా స్తోత్రం స్తోత్రం అంటంటే మిగతా సగం మర్చిపోయింది. అది నేను చెప్తన్నా. నా మనవరాలి కన్ను దేవుడే తెరిచాడు. దేనితో తెరిచాడు? దీంతో." మాత్ర తీసి అందరికీ చూపించింది. "ఇది వట్టి చేదు. పొద్దున్నే ఏసుద్ది నా కోడలు. ఏసినందుకు ఎవురన్నా నా కోడల్ని ఇశ్వాసం లేనిదంటే, వాళ్ళు నాతో మాట్టాడండి. దాంతో కాదు, నాతో."

చాప మీద కూర్చుని, అందరూ చూస్తుండగా మాత్ర నూరింది. పాలు కలిపి గిన్నెను మా నాన్న ముందుకు చాచింది. "ప్రార్థన చెయ్యండయ్యగారూ." మా నాన్న గిన్నె మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆయన గొంతు చివరి వరుస దాకా వినిపించింది. కొండమ్మ గిన్నెను రెబ్కా చేతిలో పెట్టింది. రెబ్కా పిల్ల నోట్లో పోసింది. పిల్ల మొహం మెలికలు తిప్పింది. రెబ్కా ఊదింది. గుటక పడింది. ఎవరో నవ్వారు, తర్వాత అందరూ ఆమెన్ అన్నారు.

ఆ మర్నాటి నుంచి పొద్దున ప్రార్థన గంట మందు గంట అయిపోయింది. మా నాన్న గంట కొట్టగానే బావి దగ్గర ఎవరో ఒకరు "రెబ్కా, కుమారికి ఏశావా?" అని అడిగేవాళ్ళు. పాలెంలో ఆటలమ్మ పోసిన ఇంటివాళ్ళు ముందుగానే కేకేసి చెప్పి, తమ పిల్లల్ని ఆ వీధికి రానిచ్చేవాళ్ళు కాదు. మచ్చ మళ్ళీ వెనక్కి తగ్గింది. ఎండలు ముదిరేసరికి ఎడమకన్ను బాగా తెరుచుకుంది. డాక్టరమ్మ మాత్రను సగం చేసింది, తర్వాత పావు చేసింది. చెంపల వాపు దిగి, పిల్ల మొహంలో యేసుపాదం పోలికలు బయటపడ్డాయి.

కన్ను తెరుచుకుంది, కానీ చూడటం లేదు. దీపం చూపిస్తే పిల్ల కుడికంటితోనే చూసేది. ఎడమకన్ను పక్కకు జారిపోయేది. దానికి డాక్టరమ్మ చెప్పిన వైద్యం వింటే పాలెం మొత్తం నోరు వెళ్ళబెట్టింది. రోజూ కొంతసేపు బాగున్న కన్ను మూసి కట్టాలి. వేరే దారి లేకపోతే సోమరి కన్ను పని చేస్తుంది. కట్టగానే పిల్ల గుడ్డిదానిలా చేతులు చాచి తడుముకుంటూ ఏడ్చేది. అది చూసి కొండమ్మ కరిగిపోయింది. చేదు మందు పట్టడానికి వెనకాడని మనిషి, ఆ కట్టు ముందు ఓడిపోయింది.

"చాల్లేవే ఇయ్యాల్టికి, తీసెయ్యి."

"తీయనత్తా" అంది రెబ్కా. గుసగుసే, కానీ కదలని గుసగుస. "నేను ఆపితే ఏమైందో చూశాంగా. నువ్వు వాకిట్లోకి పో."

కొండమ్మ వాకిట్లోకి పోయి, చెవులు మూసుకుని కూర్చుంది. కోడలి మాట ఆవిడ వినడం నేను చూసింది అదే మొదలు. రెబ్కా ఏడుస్తున్న పిల్ల ముందు గిలక తిప్పుతూ, పసుపు గుడ్డ ఊపుతూ, తన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా కట్టు విప్పకుండా కూర్చునేది.

వానలు పడి పత్తి గింజలు వేసే రోజులకు పిల్ల పాకడం మొదలుపెట్టింది. కట్టు కడితే ఇప్పుడు ఏడుపు తగ్గింది. అలవాటు పడిందా, నిజంగా చూస్తోందా అనేది ఎవరికీ తెలియదు. ఎందుకంటే కట్టుతో ఉన్నప్పుడు కూడా కొండమ్మ ఎక్కడుంటే అక్కడికే పాకేది, కానీ కొండమ్మ గొంతు ఎక్కడున్నా వినపడుతుందాయె. డాక్టరమ్మ కూడా అదే అంది. "మాటా పలుకూ లేకుండా చూడండమ్మా. అప్పుడు తెలుస్తుంది." గుంటూరు వెళ్ళేలోపే తెలుసుకోకపోతే కొండమ్మకు అన్నం సయించేలా లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్ళకు పోలేదు. ముఠా ఆడవాళ్ళంతా చర్చిలో గోడ వెంట వరుసగా కూర్చున్నారు. అందరివీ తెల్ల చీరలే, ఆదివారం కదా. మధ్యలో ఎక్కడో కోటిరత్నం పక్కన కొండమ్మ కూర్చుంది. ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు, చేతులు చాచకూడదు. ముఖ్యంగా కొండమ్మ. ఆవిడ పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. కోటిరత్నం ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెబ్కా పిల్ల కుడికంటికి కట్టు కట్టి, ఎదురుగోడ దగ్గర దించి, వెనక్కి జరిగింది. పిల్ల కూర్చుని చేతులు నేలకు ఆనించింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. అలవాటైన గొంతు కోసం చూసింది. గొంతు రాలేదు. మూతి ముడిచింది, ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. తల కొంచెం పక్కకు వంచి, ఆ ఎడమకంటితో వరుసలో మొదటి మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరి మొహం చూస్తూ వచ్చింది. కోటిరత్నం దగ్గర ఒక క్షణం ఆగింది. తర్వాత పక్కకు చూసింది. అక్కడే చూపు నిలిచిపోయింది.

నవ్వింది. పాకడం మొదలుపెట్టింది. అటూ ఇటూ పోకుండా చాప మీద నుంచి చాప మీదికి వచ్చి, కొండమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, ఆవిడ నోట్లోని చెంగు పట్టి లాగింది.

కొండమ్మ రెండు అరచేతులతో పిల్ల మొహం పట్టుకుంది. నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. పేరయ్య చేలోంచి రోడ్డు దాకా వినిపించే ఆ గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. కోటిరత్నం బోరున ఏడ్చేసింది. మా నాన్న కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

అప్పుడు ఎదురుగోడ దగ్గర నుంచి రెబ్కా ముందుకొచ్చింది.

"అయ్యగారూ, నేను సాచ్చెం చెప్పాల" అంది. చర్చి అంతటికీ వినిపించేలా అంది. ఈసారి మందు పేరుతో మొదలుపెట్టింది.